రీడ్‌మీ దిద్దితే ఉద్యోగమా? డాక్యుమెంటేషన్‌పై అపోహలు – వాస్తవాలు

అపోహ: సాఫ్ట్‌వేర్ లైబ్రరీ డాక్యుమెంటేషన్‌లో ఒక్క మాట మార్చి పుల్ రిక్వెస్ట్ పెడితే చాలు, ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్ అయిపోయినట్టే.

వాస్తవం: మార్చిన మాట వల్ల చదివేవాళ్లు చేసే తప్పు ఒక్కటైనా తగ్గాలి. తగ్గకపోతే అది ఇంకెవరో కూర్చుని ఎత్తిపోయాల్సిన చెత్త. చిత్తూరు, తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివి బంగారుపాళ్యం మీదుగా బెంగళూరు వెళ్లే బస్సెక్కే పిల్లలకు, ఒక్క మాట మార్చి పంపే ఈ ‘చిట్కా’ యూట్యూబ్‌లో ధారాళంగా దొరుకుతోంది.

దీని ఫలితం 2020 అక్టోబరులోనే బయటపడింది. డిజిటల్ ఓషన్ సంస్థ ఏటా నడిపే హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ కార్యక్రమంలో ఆ ఏడు నాలుగు పుల్ రిక్వెస్టులకు ఒక టీషర్టు. ఎలా కొట్టేయాలో ఒక వీడియో చూపించగానే, రీడ్‌మీ శీర్షికకు ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని తగిలించే ‘మెరుగులు’ గిట్‌హబ్ మీద వచ్చిపడ్డాయి. మొదటి వారంలోనే నిబంధనలు మార్చి, ఇష్టపడి చేరిన ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. 2024లో ఎక్స్‌ప్రెస్ జేఎస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు వంతు వచ్చింది. ఒక యూట్యూబ్ పాఠంలో చూపినట్టే విద్యార్థులు దాని రీడ్‌మీలో సొంత పేర్లు చేర్చి పంపారు. జీతం లేకుండా ప్రాజెక్టు చూసుకునేవాళ్లు వాటిని ఒక్కొక్కటే తెరిచి మూయాలి. ఆ రద్దీలో అసలైన బగ్ రిపోర్టు అడుగున పడుతుంది, నిజంగా తప్పు దిద్దిన కొత్తవాళ్లనూ అనుమానంగా చూస్తారు. ఇక రెజ్యూమె సంగతంటారా, పైవరస కాయలు చూసి లోడు కొనే వ్యాపారి బంగారుపాళ్యం మామిడి మార్కెట్లోనే దొరకడు, బెంగళూరు కంపెనీలో దొరుకుతాడా?

అసలైన మెరుగు ఎలా ఉంటుందో ఆ 2020 అక్టోబరులోనే విడుదలైన పైథాన్ 3.9లో చూడొచ్చు. స్ట్రింగ్ చివర్నుంచి అక్షరాలు తీసే ఆర్‌స్ట్రిప్‌కు ఇచ్చేది తోకమాట కాదని, అక్షరాల గుంపని డాక్యుమెంటేషన్ ముందునుంచీ చెబుతూనే ఉంది. అయినా జనం పొరబడుతూనే వచ్చారు. ‘మాంటీ పైథాన్’ చివర్నుంచి, ముందున్న ఖాళీతో సహా ‘పైథాన్’ను కత్తిరించమంటే, అది ‘మాంటీ’లోని అక్షరాలనూ మింగేసి ఒక్క ‘ఎం’ను మిగులుస్తుంది. ఇప్పుడు ఈ ఉదాహరణే డాక్యుమెంటేషన్‌లో ఉంది, తోకను మాత్రమే తీసే రిమూవ్‌సఫిక్స్‌ను చూడమన్న సూచనతో సహా. ఇలాంటి వాక్యం రాయాలంటే ముందు కోడ్ నడిపి చూసి ఉండాలి.

అపోహ: మంచి కోడ్‌కు డాక్యుమెంటేషన్ అక్కర్లేదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. పాత హెచ్చరిక ఆపలేని తప్పును రిమూవ్‌సఫిక్స్ అన్న పేరే చాలావరకు ఆపుతుంది. కానీ తోక లేకపోతే ఏమవుతుందో ఆ పేరు చెప్పదు. ఎర్రర్ రాదు, స్ట్రింగ్ ఉన్నదున్నట్టే తిరిగొస్తుంది. ఆ సంగతి ఎక్కడో ఒకచోట రాయాల్సిందే.

అపోహ: ‘చాలా సులభం’, ‘జస్ట్ ఇలా చేయండి’ అంటే ధైర్యం వస్తుంది.

వాస్తవం: రాదు. చేతకానివాళ్లకు సిగ్గు మిగులుతుంది. ఇలాంటి మాటలు వద్దని పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో డాక్యుమెంటేషన్ మార్గదర్శకాల్లోనే ఉంది.

అపోహ: గొప్ప ఇంగ్లీషు రావాలి.

వాస్తవం: పొట్టి వాక్యాలు వస్తే చాలు.

దిద్దాలనుకునేవాళ్లు ముందు ఆ లైబ్రరీని వాడాలి. తాము తడబడిన చోటు గుర్తుపెట్టుకుని, ప్రాజెక్టు నియమాలు చదివి, అదే తడబాటు ఇంకెవరైనా ఇష్యూల్లో రాశారేమో వెతకాలి. పుల్ రిక్వెస్ట్‌లో పాత వాక్యం ఏ తప్పు చేయిస్తోందో, కొత్తది దాన్ని ఎలా ఆపుతుందో రెండు ముక్కల్లో చెప్పాలి. అలా చెప్పలేకపోతే పంపకపోవడమే ఆ ప్రాజెక్టుకు చేసే మేలు.