ఎండ ఎక్కువైతే బ్యాక్టీరియా ఏం చేస్తుంది?

మెడికల్ షాపుల్లో స్పిరులినా టాబ్లెట్లు చూసే ఉంటారు కదా? ఆ పచ్చటి పొడి మొక్కది కాదు, సయనోబ్యాక్టీరియా అనే బ్యాక్టీరియాది. ఇవి మొక్కల్లాగే ఎండతో తిండి తయారు చేసుకుని ఆక్సిజన్ వదులుతాయి. మరి తిండి పెట్టే ఆ ఎండే మరీ ఎక్కువైతే? ఈరోజు అదే చూద్దాం.

ముందు ప్రాబ్లం ఏంటో చెప్తా. వెలుగుతో నీటిని విడగొట్టి ఎలక్ట్రాన్లు తీసే మెషీన్ పేరు ఫోటోసిస్టమ్ 2. దాని నడి మధ్యలో డీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. సెల్ వాడుకోగలిగిన దానికన్నా ఎక్కువ వెలుగు పడితే ఈ డీ1 దెబ్బతింటుంది. నిజానికి మామూలు వెలుగులో కూడా కొంచెం కొంచెం పాడవుతూనే ఉంటుంది. సెల్ పాడైన ముక్కను తీసేసి కొత్తది బిగిస్తుంది. సర్వర్ ఆపకుండానే పార్ట్ మార్చినట్టు అన్నమాట.

ఈ రిపేర్ ఎంత ముఖ్యమంటే, లింకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చి కొత్త ప్రోటీన్ల తయారీ ఆపేసి, గట్టి లైటు వేశారనుకోండి. ఫోటోసిస్టమ్ 2 పని చకచకా పడిపోతుంది. మందు ఇవ్వని సెల్స్ అదే లైటులో చాలా మెరుగ్గా నిలబడతాయి. అంటే దెబ్బ తగలడం తప్పదు, రిపేర్ వెనకబడితేనే ప్రమాదం.

సరే, ఇందులో జీన్స్ పనేంటి? సైనెకోకాకస్ ఎలాంగేటస్ పీసీసీ 7942 అనే రకాన్ని తీసుకుందాం. దీనిలో డీ1 కోసం ఒకటి కాదు, 3 జీన్స్ ఉన్నాయి. మొదటిది తక్కువ వెలుగులో పనిచేసే డీ1 ఇస్తుంది. మిగతా రెండూ ఇచ్చే డీ1 వేరే. 360 అమైనో ఆమ్లాల్లో 25 తేడా, అంతే. కానీ గట్టి వెలుగుని ఇది బాగా తట్టుకుంటుంది. వెలుగు పెరగగానే ఆ రెండు జీన్స్ ఆన్ అవుతాయి, మొదటి జీన్ రాసిన ఎంఆర్‌ఎన్‌ఏని సెల్ గబగబా చెరిపేస్తుంది.

ఆ స్విచ్ ఎవరి చేతిలో ఉంది? ఆర్‌పీఏబీ అనే ప్రోటీన్ చేతిలో. తక్కువ వెలుగులో దీనికి ఒక ఫాస్ఫేట్ తగిలి ఉంటుంది. దాన్ని తగిలించేది ఎన్‌బీఎల్‌ఎస్ అనే సెన్సార్ ప్రోటీన్. ఫాస్ఫేట్ ఉన్నప్పుడు ఆర్‌పీఏబీ గట్టి వెలుగులో కావాల్సిన జీన్స్ ముందు, డీఎన్‌ఏ మీద కూర్చుని బ్రేక్ వేస్తుంది. వెలుగు పెరిగిన కొన్ని నిమిషాల్లోనే లేచిపోతుంది. బ్రేక్ పోయింది, జీన్స్ ఆన్.

ఇంకో విషయం. ఫోటోసిస్టమ్ 1 జీన్స్‌కి ఇదే ఆర్‌పీఏబీ యాక్సిలరేటర్. అది లేవగానే అక్కడ స్పీడు తగ్గుతుంది. అంటే ఒక్క ప్రోటీన్ లేస్తే రెండు పనులు: రక్షణ పెరుగుతుంది, వెలుగు పట్టే మెషీన్ల తయారీ తగ్గుతుంది. ఎన్‌బీఎల్‌ఎస్‌లో తేడా వచ్చిన మ్యూటెంట్లు గట్టి వెలుగులో బతకలేకపోయాయి. చావు బతుకుల లెక్క ఇది!

ఇది ఎక్కడో ట్యాంకులోని బ్యాక్టీరియా గొడవే కదా అనుకోకండి. వరి ఆకులోని క్లోరోప్లాస్ట్ కూడా ఒకప్పటి సయనోబ్యాక్టీరియా వారసత్వమే. మధ్యాహ్నం ఎండలో మన పొలంలోనూ డీ1 రిపేర్ నడుస్తూనే ఉంటుంది. ఈసారి ఎండలో పచ్చటి ఆకు కనబడితే, దాని లోపల జరుగుతున్న ఈ పని గుర్తు చేసుకోండి. డౌట్లు ఉంటే కామెంట్‌లో అడగండి.