ఇంజిన్ గదిని వీడని నావికుడు

ఏటా డిసెంబరు 16న కోల్‌కతాలోని తూర్పు సైనిక కమాండ్ ప్రధాన కార్యాలయంలో విజయ్ దివస్ జరుగుతుంది. 1971 యుద్ధంలో పోరాడిన బంగ్లాదేశ్ ముక్తి యోధులూ ఆ వేడుకకు వస్తుంటారు. ఆ యుద్ధం అనగానే మనకు మానెక్‌షా, జగ్జీత్ సింగ్ అరోరా, విశాఖ తీరంలో మునిగిన ఘాజీ గుర్తుకొస్తాయి. హుగ్లీ ఒడ్డున యుద్ధానికి ముస్తాబైన రెండు చిన్న పడవల గురించి, వాటిలో ఒకదాని ఇంజిన్ గదిలో పనిచేసిన మహమ్మద్ రుహుల్ అమీన్ గురించి మాత్రం చాలామందికి తెలియదు.

నోవాఖాలీ జిల్లాలో పుట్టిన రుహుల్ అమీన్ 1953లో పాకిస్థాన్ నౌకాదళంలో చేరారు. ఇంజిన్ రూమ్ ఆర్టిఫిసర్‌గా ఎదిగారు. నౌక యంత్రాలను నడపడం, చెడిపోతే విప్పి బాగుచేయడం ఆ ఉద్యోగి పని. పైన ఏం జరుగుతోందో అతనికి కనిపించదు. వేడి, చమురు వాసన, చెవులు దిమ్మెక్కించే మోత మధ్య పై నుంచి వచ్చే ఆదేశాలే అతనికి ఆధారం. ఇంజిన్ ఆగిందంటే యుద్ధనౌక నిలువునా శత్రువు గురికి దొరికినట్లే.

1971 మార్చిలో తూర్పు బెంగాల్‌లో సైనిక అణచివేత మొదలైనప్పుడు రుహుల్ అమీన్ చిట్టగాంగ్‌లోని నౌకా స్థావరంలో ఉన్నారు. కొలువు వదిలి, సరిహద్దు దాటి త్రిపుర చేరుకున్నారు. కొన్నాళ్లు నేలపైనే ముక్తివాహినితో కలిసి పోరాడారు. బంగ్లాదేశ్‌కు సొంత నౌకాదళం సమకూర్చే పని మొదలయ్యాక, తనలాంటి నావికులతో కలిసి కోల్‌కతా వచ్చారు.

అప్పటికే భాగీరథి తీరాన ప్లాసీ వద్ద భారత నౌకాదళం బెంగాలీ యువకులకు ఈతలోనూ, ఓడలకు మందుపాతరలు అమర్చడంలోనూ శిక్షణ ఇచ్చింది. ఆగస్టు మధ్యలో వారు చిట్టగాంగ్, మోంగ్లా తదితర రేవుల్లో ఓడలను పేల్చివేశారు. తదుపరి అడుగు సొంత గన్‌బోట్లు. కోల్‌కతా పోర్టు సమకూర్చిన రెండు పడవలకు గార్డెన్ రీచ్‌లో 40 మి.మీ. బోఫోర్స్ తుపాకులు బిగించారు. వాటికి పద్మ, పలాశ్ అని పేర్లు పెట్టారు. పలాశ్ ఇంజిన్ గది బాధ్యత రుహుల్ అమీన్‌కు దక్కింది. పోర్టు పనులకు పుట్టిన పడవతో యుద్ధం చేయించడం ఇంజిన్ మనిషికే పెద్ద పరీక్ష.

డిసెంబరు మొదటి వారంలో ఈ రెండూ భారత నౌక ఐఎన్ఎస్ పన్వేల్‌తో కలిసి మోంగ్లా వైపు బయలుదేరాయి. దళపతి కమాండర్ ఎం.ఎన్. సామంత్. 10వ తేదీన మోంగ్లా చేజిక్కింది. అక్కడి నుంచి దళం ఖుల్నా వైపు సాగింది. మధ్యాహ్న వేళ ఆకాశంలో విమానాలు కనిపించాయి. అవి భారత వాయుసేనవే. గుర్తుపట్టేందుకు పడవలపై పసుపు రంగు ఉన్నా, పైలట్లు వాటిని శత్రు పడవలనుకున్నారు. పద్మ దెబ్బతింది. పలాశ్‌ను వదిలి దూకేయాలని ఆదేశం వచ్చింది.

రుహుల్ అమీన్ వెంటనే కదల్లేదని, ఇంజిన్‌ను కాపాడేందుకు చివరిదాకా ప్రయత్నించారని బంగ్లాదేశ్ చెప్పుకొంటుంది. పలాశ్ కూడా దాడికి గురైంది. తీవ్రంగా గాయపడి నీళ్లలోకి దూకిన ఆయన ఒడ్డు చేరుకున్నారు. అక్కడ పాక్ సేనకు కొమ్ముకాసిన రజాకార్లు ఆయన్ను చంపేశారు. మరో ఆరు రోజులకు ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. రూప్షా నది ఒడ్డున ఆయన సమాధి ఉంది.

1973లో బంగ్లాదేశ్ తన అత్యున్నత శౌర్య పురస్కారం బీర్ శ్రేష్ఠను ఏడుగురికి మరణానంతరం ప్రకటించింది. వారిలో నౌకాదళానికి చెందినవారు రుహుల్ అమీన్ ఒక్కరే. ఆయన తుపాకీ పేల్చిన వీరుడిగా కాక, యంత్రాన్ని నమ్ముకున్న నిపుణుడిగా ఆ గౌరవం పొందారు. మన దేశం సామంత్‌కు, పన్వేల్ సారథి నొరోన్హాకు మహావీర్ చక్ర ఇచ్చింది.

ఆయన కథలో మనకు మింగుడుపడని నిజం ఒకటుంది. మన గడ్డపై తయారై, మన దళంతో కలిసి కదిలిన పడవపై మన విమానాలే దాడి చేశాయి. దాన్ని దాచిపెట్టి ఆయన్ను స్మరించడం కుదరదు. వేగంగా మారే యుద్ధరంగంలో ఎవరు ఎక్కడున్నారో నౌకాదళానికీ వాయుసేనకూ ఒకేసారి తెలియకపోతే శౌర్యమూ వృథా అవుతుంది. 2020లో త్రివిధ దళాధిపతి పదవి రావడం వెనుక, ఉమ్మడి కమాండ్లపై నేటికీ సాగుతున్న చర్చ వెనుక ఇలాంటి చేదు అనుభవాలున్నాయి.

పడవలకు తుపాకులు బిగించిన గార్డెన్ రీచ్‌లో ఇప్పుడు ఫ్రిగేట్లు తయారవుతున్నాయి. అక్కడ నిర్మించిన హిమ్‌గిరి 2025 ఆగస్టు 26న విశాఖలో నౌకాదళంలో చేరింది. 2024 ఆగస్టులో ఢాకాలో ప్రభుత్వం మారాక ఇరు దేశాల సంబంధాలు ఒడుదొడుకులకు లోనయ్యాయి. అయినా ఆ పోరాటంలో కలిసి చిందిన రక్తం ఏ ప్రభుత్వంతోనూ మారదు. నౌకను చూసినప్పుడు మన కళ్లు ఫిరంగుల మీదకే పోతాయి. నీటిమట్టానికి దిగువన ఇంజిన్ దగ్గర నిలబడిన మనిషినీ తలచుకోవడమే రుహుల్ అమీన్‌కు తగిన నివాళి.