ఆలిస్ కలలో భాష

లూయీ కారల్ రచించిన ‘ఆలిసెస్ అడ్వంచర్స్ ఇన్ వండర్‌లాండ్’ అనే ఆంగ్ల బాలల నవల పేరు విననివారు మన విద్యార్థుల్లో తక్కువ. చదివినవారు మాత్రం రెండు రకాలుగా కనిపిస్తారు. చిన్నతనంలో సంక్షిప్తరూపంలో చదివి, తెల్ల కుందేలు, టోపీలవాడు, పేకముక్కల రాణి మాత్రమే గుర్తున్నవారు ఒక రకం. పెద్దయ్యాక మూలం చదివి, అందులో నవ్వు ఎక్కడున్నదో సగం అందక పక్కన పెట్టినవారు రెండో రకం. ఆ అందని సగం ఏమిటో, అది అందాలంటే చదువరి దగ్గర ఏముండాలో వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాష వాడుకుంటూ తెలుగునాటికి వెలుపల పెరిగిన మన విద్యార్థులకు ఈ పుస్తకంతో పని ఎక్కువ అని మా అభిప్రాయం.

పుస్తకం పుట్టిన విధం

లూయీ కారల్ అన్నది కలంపేరు. అసలు పేరు చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్ (1832-1898). ఆయన ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో గణితశాస్త్ర అధ్యాపకుడు. 1862 జూలై 4న ఆయన, మిత్రుడు రాబిన్సన్ డక్వర్త్ కలిసి, కళాశాల డీన్ లిడెల్ గారి కుమార్తెలు లొరీనా, ఆలిస్, ఈడిత్‌లను పడవలో గాడ్‌స్టో అనే ఊరికి తీసుకువెళ్ళారు. దారిలో పిల్లలు కథ చెప్పమంటే అప్పటికప్పుడు అల్లిన కథ ఇది. ముగ్గురిలో నడిమిది, పదేళ్ళ ఆలిస్, దాన్ని రాసిపెట్టమని కోరింది. ఆయన స్వదస్తూరితో రాసి, బొమ్మలు కూడా తానే వేసి, 1864 నవంబరులో ఆమెకు బహూకరించారు. ఆ రాతప్రతి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది.

ఆ కథనే పెంచి, జాన్ టెనియల్ గీసిన 42 బొమ్మలతో మాక్మిలన్ సంస్థ 1865లో ప్రచురించింది. తొలి ముద్రణలో బొమ్మలు సరిగా పడలేదని టెనియల్ అసంతృప్తి చెందటంతో ఆ ప్రతులను వెనక్కు తీసుకుని మళ్ళీ అచ్చు వేయించారు. 1871 చివరలో రెండో భాగం ‘త్రూ ద లుకింగ్ గ్లాస్’ వెలువడింది. రెండూ కలలే. మొదటిది పేకముక్కల లోకం, రెండోది చదరంగపు బల్ల మీది లోకం.

కల నడిచే తీరు

ఏటి ఒడ్డున అక్క పక్కన కూర్చుని విసుగెత్తిన ఆలిస్‌కు, జేబు గడియారం చూసుకుంటూ పరుగెత్తే తెల్ల కుందేలు కనబడుతుంది. దాని వెంటబడి బొరియలోకి దూకుతుంది. అక్కడినుంచి ఒక్కొక్క అధ్యాయంలో ఒక్కొక్క వింత.

మన జానపద కథలు విని, ‘చందమామ’ చదివి పెరిగినవారికి వింతలు కొత్త కాదు. రాకుమారుడు చిలుకగా మారతాడు, కొండ పగిలి దారి ఇస్తుంది. అయితే ఆ కథల్లో ప్రతి వింతకూ ఒక కారణం ఉంటుంది. అది మంత్రం కావచ్చు, ముని శాపం కావచ్చు, దేవత ఇచ్చిన వరం కావచ్చు. ఆలిస్ లోకంలో వరమూ లేదు, శాపమూ లేదు. చేతిలోని పసిబిడ్డ చూస్తుండగానే పందిపిల్ల అవుతుంది, ఆలిస్ దాన్ని మెల్లగా కింద దింపి వదిలేస్తుంది. కలలో మనం కూడా అంతే. వింత జరుగుతుంది, ఆశ్చర్యం మాత్రం కలగదు.

మరొక విశేషం. ఈ లోకంలో ఆలిస్‌ను వేధించేది రాక్షసులు కారు, వాదించే ప్రాణులు. ఆమె నోటివెంట వచ్చిన ప్రతి మాటనూ పట్టుకుని, దానికి మరో అర్థం తీసి, ఆమెనే తప్పుపడతాయి. టోపీలవాడి తేనీటి విందులో ఎప్పుడూ సాయంత్రం ఆరు గంటలే. కాలంతో అతనికి తగవు వచ్చిందట, అందుకని కాలం అక్కడే ఆగిపోయింది. మాటవరసకు అన్నది అక్కడ నిజంగా జరిగిపోతుంది. కనుక ఈ స్వప్నలోకం మాయతో కట్టింది కాదు, మాటలతో కట్టింది.

చివరికి న్యాయస్థానంలో, తీర్పుకు ముందే శిక్ష వేయాలని రాణి పట్టుబడితే, మీరంతా పేకముక్కలే కదా అని ఆలిస్ ఎదురు తిరుగుతుంది. ముక్కలన్నీ ఎగిరి మీద పడతాయి. కళ్ళు తెరిస్తే అక్క ఒడిలో తల, ముఖం మీద రాలిన ఎండుటాకులు. కలలోని పేకముక్కలు మెలకువలో ఎండుటాకులైనాయి. తరువాత అక్క కూడా సగం నిద్రలో ఆ లోకాన్ని ఊహిస్తుంది. కళ్ళు తెరిస్తే తేనీటి కప్పుల గలగల గొర్రెల మెడలోని గంటల చప్పుడైపోతుందని ఆమెకు తెలుసు.

తడబడిన పాఠాలు

బొరియలో పడిన కాసేపటికి ఆలిస్ శరీరం పెరుగుతుంది, తరుగుతుంది. దానితో ఆమెకు సందేహం వస్తుంది: నేను నేనేనా, రాత్రికి రాత్రి మరొకరిగా మారిపోయానా? ఆ సందేహం తీర్చుకోవటానికి ఆమె అద్దం వెతకదు. బడిలో కంఠతా పట్టినవి అప్పజెప్పుకుంటుంది. ఇది ఈ పుస్తకంలో కీలకమైన ఘట్టం.

మొదట ఎక్కాలు. నాలుగైదులు 12, నాలుగార్లు 13 అని వస్తుంది. ఇలాగైతే ఎప్పటికీ 20 చేరనని ఆమె దిగులు. ఆంగ్లేయుల బడిలో ఎక్కం పన్నెండుతో ఆగుతుంది, ఒక్కొక్కటే పెంచుకుపోతే నాలుగు పన్నెండ్లు 19 దగ్గర నిలిచిపోతుంది. గణితజ్ఞులు మరొక వివరణ కూడా చెప్పారు. 20ని పదులుగా కాక పద్దెనిమిదులుగా లెక్కిస్తే ఒక పద్దెనిమిది, రెండు, అంటే 12. 24ను ఇరవైయొకటులుగా లెక్కిస్తే ఒకటి, మూడు, అంటే 13. ఇలా ఆధారసంఖ్యను మూడేసి పెంచుతూ పోతే నాలుగు పన్నెండ్లు 19 అవుతుంది, నాలుగు పదమూళ్ళు మాత్రం 20 కాదు. లెక్కల మాస్టారి పుస్తకంలో తప్పు కూడా లెక్క ప్రకారమే ఉన్నది.

తరువాత భూగోళం. ఒక రాజధానికి మరొకటి రాజధాని అయి కూర్చుంటుంది. చివరికి పద్యం. ఐజాక్ వాట్స్ 1715లో పిల్లల కోసం ప్రచురించిన నీతిగేయాల్లో తేనెటీగ శ్రమను పొగిడే గేయం ఒకటి ఉన్నది. ఆనాటి ఆంగ్ల బాలబాలికలకు అది నోటికి వచ్చు. ఆలిస్ దాన్ని మొదలుపెడితే తేనెటీగ స్థానంలో మొసలి వచ్చి, చిరునవ్వుతో చేపపిల్లలను నోట్లోకి ఆహ్వానిస్తుంది. రాబర్ట్ సౌథీ 1799లో రాసిన వృద్ధుడి హితబోధ కూడా ఇలాగే తలకిందులవుతుంది. ఆ ముసలాయన నిజంగానే తలకిందులుగా నిలబడతాడు.

1865లో ఈ గేయాలు విన్న పిల్లవాడికి రెండు పద్యాలు ఒకేసారి వినిపించాయి: బడిలోది ఒకటి, కలలోది ఒకటి. ఆ రెండింటి రాపిడిలో పుట్టింది నవ్వు. ఇప్పుడు ఆంగ్లేయులకే వాట్స్ గేయం మరుపున పడింది, వెక్కిరింత మాత్రం నిలిచింది. మన చదువరికి అందని సగం ఇదే. పద్యం తప్పు పోయిందని తెలియాలంటే ఒప్పు నోటికి వచ్చి ఉండాలి.

శ్లేషలు, మన మాటలు

మిగిలిన అందని భాగం శ్లేష. అనువాదం చేయబోయే విద్యార్థికి ఇందులో మూడు రకాలు ఎదురవుతాయి.

మొదటిది ఉన్నపళంగా దాటి వచ్చేది. కన్నీటి మడుగులో తడిసిన ప్రాణులను ఆరబెట్టటానికి ఎలుక తనకు తెలిసిన అతి ‘డ్రై’ అయిన చరిత్రపాఠం చెబుతుంది. తెలుగులో ‘శుష్క ప్రసంగం’ అన్న మాట మనకు ఉండనే ఉన్నది. శుష్క ప్రసంగం చేస్తే తడి ఆరకేం చేస్తుంది?

రెండోది మాట మార్చితే నిలిచేది. రోజుకు ఒక గంట చొప్పున తగ్గుతూ పోయే పాఠాల గురించి చెబుతూ, ‘లెసన్’ అనేది ‘లెసెన్’ అవుతుంది గనుకనే ఆ పేరు అంటారు. తెలుగులో పాఠాన్ని వదిలి ‘తరగతి’ని పట్టుకుంటే చాలు: తరిగే గతి గలది గనుక తరగతి. అలాగే భూమి తన ‘ఆక్సిస్’ మీద తిరుగుతుందని ఆలిస్ అనగానే, డచెస్‌కు ‘ఆక్సెస్’ అంటే గొడ్డళ్ళు వినబడి, తల నరకమంటుంది. మనకు ‘అక్షం’ ఉన్నది, దాని పక్కనే ‘అక్షింతలు’ ఉన్నాయి. ఈ పిల్లకు అక్షింతలు వేయండి అంటే గొడ్డలి పోతుంది గాని తిట్టు దక్కుతుంది.

మూడోది బొమ్మతో ముడిపడినది. ఎలుక తన ‘టేల్’ దీర్ఘమైనది, విషాదమైనది అంటే ఆలిస్ దాని తోక వైపు చూస్తుంది, ఎందుకంటే కథకూ తోకకూ ఆంగ్లంలో ఉచ్చారణ ఒక్కటే. పైగా ఆ కథను తోక ఆకారంలో మెలికలుగా అచ్చువేశారు. తెలుగులో ‘నాదొక పెద్ద గాథ’ అని ఎలుక అంటే ఆలిస్‌కు ‘గాదె’ అని వినబడవచ్చు. ఎలుకకూ గాదెకూ చుట్టరికం ఉన్నదే. కాని అప్పుడు పద్యాన్ని గాదెలాగా నడుమ లావుగా అచ్చువేయించాలి. ఏది పోగొట్టుకుని ఏది నిలుపుకోవాలో అనువాదకుడు తేల్చుకోక తప్పదు.

దారి చూపినవారు

ఈ పుస్తకం అనువాదానికి లొంగదని ఆక్స్‌ఫర్డు మిత్రులు అనుకుంటున్నట్టు కారల్ 1866లో తన ప్రచురణకర్తకు రాశారు. మూడేళ్ళు తిరక్కుండానే, 1869లో, జర్మను, ఫ్రెంచి అనువాదాలు రెండూ వచ్చాయి. ఫ్రెంచి అనువాదకుడు ఆంరీ బ్యుఏ వాట్స్ గేయాన్ని వదిలి, ఫ్రెంచి పిల్లలకు కంఠస్థమైన లాఫోంతేన్ కాకి కథను తడబరిచాడు. 1923లో రష్యను భాషలోకి మార్చిన వ్లదీమిర్ నబొకోవ్ అదేవిధంగా పుష్కిన్, లెర్మంతోవ్ పద్యాలను తీసుకున్నాడు. మూలంలో విలియం దండయాత్ర వెంట ఇంగ్లండు వచ్చి ఉంటుందని ఆలిస్ అనుకున్న ఎలుక, అతని చేతిలో నెపోలియన్ సేన తిరోగమించినప్పుడు రష్యాలో మిగిలిపోయిన ఎలుక అయింది.

మన దేశంలో సుకుమార్ రాయ్ (1887-1923) మరొక అడుగు ముందుకు వేశారు. ఆయన బెంగాలీ కథ ‘హ జ బ ర ల’ అనువాదం కాదు. అలాంటి కలనే బెంగాలీ నేలలో నాటి పెంచినది. ఎండలో చెమట తుడుచుకోబోతే చేతిరుమాలు పిల్లి అవుతుంది. ఒక కాకి పలక పట్టుకుని లెక్కలు వేస్తుంది. నలభై దాటితే వయసు వెనక్కు తిరిగే వృద్ధుడు ఒకడు. చివరికి, వ్యాకరణం చదువుతానని చెప్పి నిద్రపోతున్నాడని మేనమామ పిల్లవాడి చెవి పట్టుకుంటాడు. అక్కడ కూడా కలకు ముడిసరుకు బడిపాఠమే.

మనకు పని ఏమిటి?

ఈ అనువాదకులందరి దగ్గరా ఉన్నది ఒకటే పెట్టుబడి. పాఠకులకు నోటికి వచ్చిన పద్యాలు ఏవో వారికి తెలుసు. తెలుగులో ఆ పెట్టుబడికి కొదవ లేదు. వేమన, సుమతి శతకాలున్నాయి, ఎక్కాలున్నాయి, పొడుపుకథలున్నాయి. పేరడీకి జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గారి వంటివారు రాజబాట వేశారు. ప్రశ్న వేరే ఉన్నది. హోసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, షోలాపురంలో పెరుగుతున్న మన పిల్లల నోట ఇవి ఇంకా ఆడుతున్నాయా? తెలుగును ఒక పాఠ్యాంశంగా చదివితే వ్యాకరణం వస్తుంది, మార్కులు వస్తాయి. కాని తప్పు చదివిన పద్యానికి పకపకా నవ్వటం దానివల్ల రాదు. ఆ నవ్వు రానినాడు భాష ఇంట్లో ఉన్నా పరాయిదే. తాను తానేనా అని ఆలిస్ పరీక్షించుకున్నది కంఠతా వచ్చినవాటితోనే కదా.

అయితే వెలుపలి తెలుగువారికి ఒక అదనపు లాభం కూడా ఉన్నది. ఆలిస్ ఆ ఎలుక ఫ్రెంచిది కావచ్చునని, తన ఫ్రెంచి వాచకంలోని మొదటి వాక్యం అందుకుంటుంది. నా పిల్లి ఎక్కడ అని దాని అర్థం. ఎలుక అదిరిపడుతుంది. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాంలో ఈ హాస్యానికి వివరణ అక్కరలేదు. రెండు భాషల మధ్య బతికేవారికి ఇలాంటివి రోజూ దొరుకుతాయి. కన్నడంలో ‘ఊట’ అంటే భోజనం, తెలుగులో చెలమలో ఊరే నీరు. తమిళంలో ‘సొల్లు’ అంటే చెప్పు, తెలుగులో అది నోటినుంచి కారేది. ఊటకు పిలిస్తే చెంబు పట్టుకుని వెళ్ళిన ఆలిస్‌ను ఊహించటం బెంగుళూరు తెలుగు విద్యార్థికి సులువు, రాజమండ్రి విద్యార్థికి కష్టం.

విద్యార్థులకు మేము సూచించే అభ్యాసం ఇది. మీ ఇంటి పెద్దలకు నోటికి వచ్చిన శతక పద్యాలు పది అడిగి రాసుకోండి, మీరూ కంఠస్థం చేయండి. అందులో ఒకదాన్ని ఛందస్సు చెడకుండా ఆలిస్ కలలో తడబరచండి. తరువాత దాన్ని ఇంట్లో చిన్నపిల్లలకు వినిపించండి. వారు నవ్వితే మీ అనువాదం నిలిచినట్టే. నవ్వకపోతే ముందు అసలు పద్యం నేర్పి, మళ్ళీ వినిపించండి.