పన్ను బరువు చూపే గీత

1831లో ఫ్రెంచి చిత్రకారుడు ఒనొరే దోమియే తమ రాజు లూయీ ఫిలిప్‌ను తిండిపోతు రాక్షసుడు గార్గాంటువాగా గీశాడు. రాజు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నేల మీంచి ఆ నోటి దాకా ఒక పొడవాటి పలక. బక్కచిక్కిన జనం గంపల్లో డబ్బు మోస్తూ దాని మీదుగా ఎక్కుతున్నారు. సింహాసనం కిందినుంచి రాలిపడే పదవుల కాగితాలను అయినవాళ్లు ఏరుకుంటున్నారు. ఈ బొమ్మకు దోమియేకి ఆరు నెలల జైలుశిక్ష పడింది. డబ్బు ఎవరి గంపలోంచి బయల్దేరి ఎవరి చేతికి చేరుతోందో చదువురాని మనిషికి కూడా అందులో తెలిసిపోతుంది. పన్ను మీద గీసే ఏ వ్యంగ్యచిత్రానికైనా ఇదే గీటురాయి: బరువు ఎవరిది, ఫలం ఎవరిది?

తెలుగు జనం ఈ ప్రశ్న గట్టిగానే అడిగారు. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేయడంతో ఏడాదికి 4 వేల రూపాయలుండే పన్ను 40 వేలకు చేరింది. 1921లో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపుతో వేల మంది ఇళ్లు వదిలి, రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి గడిపారు. సరిగ్గా నూరేళ్లకు, 2021లో, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో చెత్త పన్ను మొదలైంది. నెలనెలా గడప దగ్గరికొచ్చి అడిగే పన్ను కాబట్టి కార్టూనిస్టుకు అంతకంటే తేలికైన వస్తువు లేదు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు దాని రద్దును ప్రకటించారు.

కష్టమైన పని కంటికి కనబడని పన్నును గీయడం. చోడవరం, అనకాపల్లి వైపు చెరకు రైతుకు, బెల్లం వండేవాళ్లకు 2022 జులై 18న అలాంటిదే ఎదురైంది. దిమ్మగా విడిగా అమ్మే బెల్లానికి జీఎస్టీ లేదు. అదే బెల్లాన్ని ప్యాకెట్లో పెట్టి లేబుల్ అంటిస్తే 5 శాతం. నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని సొంతంగా ప్యాకింగ్‌కు దిగి జీఎస్టీ పరిధిలోకి వచ్చే తయారీదారుకు ఇది తగులుతుంది. కొనేవాడికి మాత్రం అది ధరలో కలిసిపోయి కనబడదు. ఒకే పెనంలో ఉడికిన బెల్లం రెండు తక్కెడల్లో రెండు రకాలుగా తూగడాన్ని నాలుగు గీతల్లో చూపవచ్చు. నోటిఫికేషన్ చదివే ఓపిక ఎందరికుంటుంది?

ఇలాంటి బొమ్మలు పన్నంటేనే దోపిడీ అన్న భావం పెంచుతాయని కొందరంటారు. ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. చెత్త పన్ను పోయినా చెత్త పోలేదు. దాన్ని ఎత్తే కార్మికుల జీతం, బండి డీజిల్ ఖర్చు ఎక్కడినుంచో రావాలి. పన్ను కట్టమనేవాణ్ణల్లా దొంగగా గీసే కార్టూన్ బడికీ ఆసుపత్రికీ చేటే చేస్తుంది. అయితే తప్పు వ్యంగ్యానిది కాదు, గురి తప్పిన గీతది. దోమియే వేలెత్తి చూపింది పంపకంలోని అన్యాయాన్ని. సంక్లిష్టమైన లెక్క ఒక్క బొమ్మలో ఇమడదన్నది మరో మాట. నిజమే, లెక్క తేల్చడం బొమ్మ పని కాదు. లెక్క చెప్పాల్సినవాళ్లను నిలబెట్టడం దాని పని.

కాబట్టి కార్టూనిస్టులకు ఒక మనవి: పన్ను వేసిన రోజుతో ఆపకండి. వసూలైన సొమ్ము ఎటు పోయిందో, రద్దయిన పన్ను భారం ఎవరి మీద పడిందో కూడా గీయండి. పత్రికలు ఆ బొమ్మలకు చోటివ్వాలి. పాఠకులు నవ్వి ఊరుకోకుండా తమ పంచాయతీని, మునిసిపాలిటీని లెక్క అడగాలి.