బెరిబెరి నుంచి బేరియాట్రిక్ దాకా

తార్నాకలో బస్సు దిగి ఉస్మానియా యూనివర్సిటీ వైపు నడిస్తే జాతీయ పోషకాహార సంస్థ గేటు కనిపిస్తుంది. ఎన్ఐఎన్ అంటే ఇక్కడ ఆటోవాళ్లందరికీ తెలుసు. ఆ సంస్థ పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1918లో నీలగిరుల్లోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో మొదలైంది. మొదలుపెట్టినవాడు సర్ రాబర్ట్ మెక్‌కారిసన్. అప్పుడు దాని పని ఒక్కటే, బెరిబెరి జబ్బు సంగతి తేల్చడం. 1928లో పోషకాహార పరిశోధనశాలగా ఎదిగింది, 1958లో హైదరాబాదు చేరింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. పక్కనే ఉన్న ఉస్మానియా యూనివర్సిటీ పుట్టిన సంవత్సరం కూడా 1918.

తిండి సరిగా అందనివాళ్ల జబ్బు మీద పుట్టిన ఈ సంస్థకీ, బరువు తగ్గించే ‘బేరియాట్రిక్’ ఆపరేషన్‌కీ ఏం సంబంధం అని నేనూ అనుకునేదాన్ని. ముషీరాబాద్‌లో ఉండే మా వదినకు నాలుగేళ్ల కిందట అలాంటి ఆపరేషనే, గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది. ఆ ఆపరేషన్‌కు ముందూ తరవాతా ఆమె పక్కన ఉండి తెలుసుకున్నవి, ఆ తరవాత వెతికి చదువుకున్నవి కలిపి ఈ విశేషాలు.

✦

పొట్ట చిన్నది చేస్తే మనిషి సన్నబడతాడన్న ఆలోచన లావు తగ్గించాలని చూసినవాళ్లకు రాలేదు. అమెరికాలోని అయోవా యూనివర్సిటీలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ అల్సర్ రోగులను గమనించాడు. పుండు పడిన భాగం తీసేసిన వాళ్లు ఎంత తిన్నా తిరిగి ఒళ్లు చేయడం లేదు. ఆ గమనింపుతోనే 1966లో తొలి గ్యాస్ట్రిక్ బైపాస్ చేశాడు.

ఇవాళ మన దగ్గర ఎక్కువగా వినిపించే ‘స్లీవ్’ కథ ఇంకో రకం. అది మొదట్లో ఒక పెద్ద ఆపరేషన్‌లో సగం మాత్రమే. బాగా బరువున్నవాళ్లు అంతసేపు మత్తు తట్టుకోలేరని ముందు పొట్ట భాగం చేసి, కొన్ని నెలలాగి మిగతాది చేద్దామనుకున్నారు. మొదటి సగంతోనే చాలామంది బరువు దిగడంతో, అదే పూర్తి ఆపరేషన్‌గా నిలబడింది. ఇందులో పొట్టలో ముప్పాతికకు పైగా తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక గొట్టం. బైపాస్‌లో పొట్టను కోసి పారేయరు. పైభాగంలో రెండు టేబుల్ స్పూన్లు పట్టేంత సంచి చేసి, దాన్ని చిన్నపేగు కింది భాగానికి కలుపుతారు.

✦

ఎవరికి చెయ్యాలి? 1991లో అమెరికా వైద్యులు ఒక గీత గీశారు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 40 దాటినవాళ్లకు, లేదా 35 దాటి షుగరు, బీపీ లాంటివి ఉన్నవాళ్లకు. 160 సెంటీమీటర్ల మనిషికి 40 అంటే 102 కిలోలు, 35 అంటే దాదాపు 90. ముప్పై ఏళ్లు అదే నడిచింది. 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు దాన్ని సడలించాయి. ఆసియా వాళ్లకైతే 27.5 నుంచే ఆలోచించవచ్చన్నాయి. అదే 160 సెంటీమీటర్ల మనిషికి అది 70 కిలోలు మాత్రమే. మన బీమా నిబంధనలు మాత్రం ఇంకా పాత గీత దగ్గరే ఉన్నాయి. 18 ఏళ్లు నిండి, బీఎంఐ 40 దాటాలి, లేదా 35 దాటి గుండెజబ్బో, నిద్రలో తీవ్రంగా ఊపిరాడని జబ్బో, అదుపులోకి రాని షుగరో ఉండాలి. ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే పాలసీ కాగితం తీసి చదవడం మంచిది.

✦

ఆసియావాళ్లకు వేరే గీత ఎందుకన్నదానికి ఒక ఫొటో జవాబు చెబుతుంది. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండ్ వైద్యుడు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్లలో కొవ్వు కంటికి కనిపించకుండా లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. ‘బక్కగానే ఉన్నాడు కదా, షుగరేంటి?’ అని మన ఇళ్లలో ఆశ్చర్యపోతుంటాం కదా, ఆ ఫొటోలో ఉన్నది అదే.

✦

లావుపాటి మనిషికి మత్తివ్వడంలో అసలు భయం ఊపిరి దగ్గరే. ఆ విషయంలో మన ఊరికి పాత చరిత్ర ఉంది. 1888లోనూ 1889లోనూ నిజాం ఖర్చుతో రెండు ‘హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు’ జరిగాయి. వాటిని నడిపించింది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. నాడి చూస్తూ కూర్చోకండి, ఊపిరి చూడండి అన్నది ఆ కమిషన్లు తేల్చిన మాట. క్లోరోఫాం గుండెనూ దెబ్బతీస్తుందని తరవాత రుజువైంది కాబట్టి లారీ మాట సగమే నిజం. ఊపిరి సంగతి మాత్రం ఈనాటికీ నిలిచింది. ఆ రోజుల్లోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోని తొలితరం మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. ఆమె పేరు మన పిల్లల పాఠాల్లో ఉండాలని నాకు గట్టి కోరిక.

గురక పెట్టేవాళ్లకు ఆపరేషన్‌కు ముందు ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయడం ఇందుకే. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, ముక్కుకు తగిలించే సీపాప్ మిషన్‌ను కొన్ని వారాల ముందే అలవాటు చేస్తారు. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గాలి లోపలికి పీల్చమనేది కూడా ఇందుకే. దాన్ని ఆపరేషన్ అయ్యాకే కాదు, ముందునుంచే సాధన చేయాలి.

✦

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు అన్నం మాన్పించి, రోజుకు 800 కేలరీల చుట్టూ ఉండే పలచటి ఆహారం ఇస్తారు. బరువు తగ్గించడానికే అని అందరూ అనుకుంటారు. అసలు గురి కాలేయం మీద. అది పొట్టకు అడ్డంగా, పైన కప్పుకుని ఉంటుంది. కొవ్వు పట్టి ఉబ్బితే సర్జన్‌కు పొట్ట కనిపించదు, ఎత్తబోతే రక్తం కారుతుంది. కాలేయంలో దాచిన పిండిపదార్థం నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గితే ముందు అది కరుగుతుంది, వెనకే కొవ్వు. రెండు వారాల్లోనే కాలేయం కుదించుకుంటుంది. మధ్యలో ఎవరింట్లోనో పెళ్లి ఉందని ఒక్కపూట వదిలేస్తే ఆ ఇబ్బంది ఆపరేషన్ బల్ల మీద సర్జన్‌కు ఎదురవుతుంది. సిగరెట్ మానడం కూడా ఈ తయారీలో భాగమే, అది ఇంకా చాలా ముందే మొదలవ్వాలి.

✦

కోత పొట్ట మీద, నొప్పి భుజంలో! లాప్రోస్కోపీకి పొట్టలో నింపిన గాలి మిగిలిపోయి, ఊపిరితిత్తుల కింది పొరను గుచ్చుతుంది. ఆ పొరకూ భుజానికీ నరాల దారి ఒకటే. రెండు మూడు రోజుల్లో నడకతో పోతుంది. అయితే నొప్పితో పాటు జ్వరం, ఆయాసం, నిమిషానికి 120 దాటిన నాడి ఉంటే అది గాలి నొప్పి కాదు. కుట్టు దగ్గర కారుతోందేమో చూడాలి. తెల్లారేదాకా ఆగకూడదు.

✦

నడక ఆపరేషన్ అయిన సాయంత్రమే మొదలవుతుంది. పిక్కల్లో రక్తం గడ్డకట్టి అది ఊపిరితిత్తులకు చేరడమే ఈ ఆపరేషన్‌లో ప్రాణాలు తీసే ప్రమాదాల్లో ముఖ్యమైనది. మా వదిన మొదటిరోజు మంచం నుంచి తలుపుదాకా నడిచింది. కొన్ని నెలలు గడిచాక ఆర్ట్స్ కాలేజీ ముందు, తెల్లవారుజామున నడిచేవాళ్ల గుంపులో కలిసింది. 1939లో తెరిచిన ఆ రాతి భవనం మెట్లు ఎక్కి ఆయాసపడకుండా వెనక్కి తిరిగి చూసిన రోజు ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

✦

తిండి మళ్లీ పసిపిల్లల వరుసలో మొదలవుతుంది. ముందు నీళ్లు, బార్లీ, తేరిన మజ్జిగ, అదీ గుక్కగుక్కగా. తరవాత పాలు, పప్పు కట్టు, పలచటి రాగిజావ. ఆపైన మెత్తగా మెదిపినవి, ఇంకా ఆపైన గుడ్డు, చేప, ఇడ్లీ. మామూలు ముద్ద నోట్లోకి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఇక్కడో లెక్క ఉంది. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ కావాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలల్లో 6 నుంచి 7, గిన్నెడు పప్పులో మహా అయితే 6. నాలుగైదు చెంచాలకే నిండే పొట్టలో 60 గ్రాములు ఎలా పట్టిస్తాం? అందుకే పళ్లెంలో ముందు ప్రొటీన్, తరవాత కూర, చోటు మిగిలితేనే అన్నం. 2024లో ఎన్ఐఎన్ ఇచ్చిన ఆహార సూచనల్లో కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని ఉంది. అది ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చెప్పిన మాట. కొత్త పొట్టవాళ్లకు మొదటి నెలల్లో డాక్టరు రాసిన పొడి మందుతో సమానం.

మాంసం కంటే చేప తేలిగ్గా దిగుతుంది. ముషీరాబాద్ చేపల మార్కెట్ ఇంటికి దగ్గర కావడం మా వదిన అదృష్టం. వంద గ్రాముల చేపలో 17 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అన్నయ్య ఆదివారం తెల్లారే వెళ్లి ముళ్లు తీయించి కొర్రమేను తెచ్చేవాడు. ఉప్పు, పసుపు, అల్లం, కొంచెం నిమ్మరసం, అంతే, ఆవిరి మీద ఉడికించేవాళ్లం.

✦

ఈ ఆపరేషన్ చేయించుకున్న తెలుగువాళ్లను ఎక్కువ ఏడిపించేది వరన్నం. బిరుసైన మాంసం అడ్డం పడుతుందని అందరికీ తెలుసు. మెత్తటి అన్నం కూడా ముద్దకట్టి ఆ సన్నటి దారిలో నిలిచిపోతుందని తిన్నాకే తెలుస్తుంది. తినేటప్పుడు నీళ్లు తాగడమూ కుదరదు. తిన్న అరగంటదాకా ఆగాలి. మనకేమో మొదటి ముద్దకే గ్లాసు పక్కన ఉండాలి! కొసరి కొసరి వడ్డించడం మన ప్రేమ, నిజమే. ఈ ఆపరేషన్ అయిన మనిషికి ఆ ఒక్క కొసరు గంటసేపు బాధ, ఆపైన వాంతి. చుట్టాలకు ఇది ఇంట్లోవాళ్లే ముందుగా చెప్పాలి. రోగి నోటితో చెప్పించకూడదు.

✦

బైపాస్ అయినవాళ్లు బొబ్బట్టు తింటే అరగంటలో గుండెదడ, చెమట, కళ్లు తిరగడం రావచ్చు. తీపి పొట్టలో ఆగకుండా నేరుగా పేగులోకి దూకుతుంది, దాన్ని పలచన చేయడానికి ఒంట్లోని నీరంతా అటు పరుగెడుతుంది. దీనికి ‘డంపింగ్’ అని పేరు.

అయితే ఆ దారి మార్పుతోనే ఇంకో వింత కూడా జరుగుతుంది. 1995లో అమెరికా సర్జన్ వాల్టర్ పోరీస్ 608 మంది బైపాస్ రోగుల వివరాలు ప్రచురించాడు. వాళ్లలో షుగరున్నవాళ్లకు బరువు తగ్గకముందే, రోజుల్లోనే, షుగరు దిగింది. తన వ్యాసానికి ఆయన పెట్టిన పేరు కూడా ఆశ్చర్యార్థకమే. ఎవరనుకున్నారు ఇలా జరుగుతుందని! తిండి పేగు చివరికి త్వరగా చేరితే ఇన్సులిన్‌ను పెంచే హార్మోన్లు ఎక్కువ ఊరతాయి. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఆకలి హార్మోన్ గ్రెలిన్ తయారయ్యేది ఎక్కువగా పొట్ట పైభాగంలో. స్లీవ్‌లో తీసేసేది ఆ భాగాన్నే. ఆకలి లేకపోవడం మనోబలం కాదు, తినాలనిపించడం బలహీనతా కాదు. లావైనవాళ్లను నోరు కట్టుకోలేరని తిట్టే ప్రతివాళ్లకూ ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది నాకు.

✦

మూడో నెలలో జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. చాలావరకు తిరిగి వస్తుంది. గర్భం మాత్రం ఏడాది, ఏడాదిన్నర ఆగాలి.

✦

బి12 మోసం చేసే విటమిన్. కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఆపరేషన్ అయ్యాక మొదటి ఏడాది ఏమీ తెలియదు. మాత్రలు మానేస్తారు. మూడో ఏటో నాలుగో ఏటో అరికాళ్ల తిమ్మిర్లు మొదలవుతాయి. శాకాహారులకైతే ఆ నిల్వ మొదటినుంచీ తక్కువే. ఇనుము మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి మింగితే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి, మధ్యలో రెండు గంటలు ఉండాలి. ఇనుము మాత్ర వేసుకుని ఇరానీ చాయ్ తాగితే ఆ మాత్ర చాలావరకు వృథా.

మరో మాత్ర ఫోలిక్ యాసిడ్. దాని వెనక మన భీమవరం బిడ్డ ఉన్నాడు. 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్న తిండిలోని సారాన్ని పేగు పీల్చుకోలేని జబ్బు అది. 1940ల్లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందమే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. పేగు దారి మార్చుకున్న లక్షలమంది ఇవాళ రోజూ దాన్ని మింగుతున్నారు.

✦

ఇక బెరిబెరి. అది తెలుగువాళ్లకు పాత శత్రువు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో బాగా ఉండేది. తమిళ జిల్లాల్లో అంతగా లేదు. మెక్‌కారిసన్ కాలంలో పరిశోధకులు తేల్చిన తేడా బియ్యంలోనే ఉంది. తమిళులు తిన్నది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది. మనవాళ్లు తిన్నది మరపట్టిన తెల్లటి పచ్చిబియ్యం. అందులో బి1 తవుడుతో పాటే పోయేది.

బి1 ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. ఆపరేషన్ తరవాత వాంతులు ఆగకపోతే నిల్వ అయిపోతుంది. వందేళ్ల కిందట సర్కారు జిల్లాల పేదలకు వచ్చిన జబ్బే కార్పొరేట్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు వస్తుంది. వైద్యులు దానికి పెట్టుకున్న పేరు కూడా ‘బేరియాట్రిక్ బెరిబెరి’.

మా వదినకు అయిదో వారంలో వాంతులు పట్టుకున్నాయి. కొత్త పొట్ట కదా, సర్దుకుంటుందిలే అన్నారందరూ. నేనూ అన్నాను. పన్నెండో రోజున గోడ పట్టుకుని నడుస్తూ, “ఒకరికి ఇద్దరుగా కనిపిస్తున్నావేంటే నువ్వు?” అంది. కళ్లకు ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తికమక పడటం బి1 తగ్గిందనడానికి గుర్తులని మాకెవరూ ముందు చెప్పలేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక చిన్నవయసు డాక్టరు గ్లూకోజ్ బాటిల్ చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టి, ముందు బి1 ఇంజెక్షన్ తెప్పించింది. బి1 లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. రెండు రోజుల్లో వదిన చూపు కుదురుకుంది. కాళ్లలో బలం రావడానికి మూడు నెలలు పట్టింది.

ఇప్పుడు ఆమె పర్సులో, ఆధార్ కార్డు వెనక, మా మేనకోడలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చిన అట్టముక్క ఉంటుంది. ‘నాకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు ఇవ్వకండి. గ్లూకోజ్ ఎక్కించే ముందు బి1 ఇవ్వండి.’ కింద అన్నయ్య ఫోన్ నంబరు.