ప్రతిసారీ గ్యాసేనా?

భోజనం చేసి లేస్తే కడుపుబ్బరం. రెండు ముద్దలకే పొట్ట నిండిపోయినట్టు ఉంటుంది. ‘ఆ... గ్యాసేలే’ అనుకుని ఓ సోడా తాగడం, తగ్గకపోతే వీధి చివర మందుల షాపులో మాత్ర అడిగి తెచ్చుకోవడం చాలా ఇళ్లలో మామూలే. మాత్రతో తగ్గుతుంది. పది రోజులకు మళ్లీ మొదలవుతుంది. మళ్లీ అదే మాత్ర!

చాలామందికి అది నిజంగా అసిడిటీయే. కానీ జీర్ణాశయ క్యాన్సర్ కూడా కొందరిలో సరిగ్గా ఇలాగే మొదలవుతుంది. చిక్కేమిటంటే, యాసిడ్ తగ్గించే మాత్ర ఆ బాధనూ కొన్నాళ్లు కప్పేస్తుంది. లోపల కణితి మాత్రం తన మానాన తాను పెరుగుతూనే ఉంటుంది. జీర్ణాశయం లోపలి పొరలో ఉండగానే దొరికితే, కొందరికి పొట్ట కోయకుండా ఎండోస్కోపీతోనే తీసేయొచ్చు. కాలేయం దాకా పాకాక నయం చేయడం చాలా కష్టం.

ఈ జబ్బు ఎక్కువగా ఉన్న దక్షిణ కొరియాలో 40 ఏళ్లు దాటినవారికి రెండేళ్లకోసారి ప్రభుత్వమే పరీక్ష చేయిస్తుంది. మన దేశంలో అలాంటి ఏర్పాటు లేదు. మిజోరం లాంటి చోట్ల తప్ప జబ్బు అంత ఎక్కువా కాదు. కాబట్టి ఇక్కడ ముందుగా గుర్తుపట్టాల్సింది ఇంట్లోవాళ్లే.

ప్రధాన కారణం హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. కడుపులో మంట, వాపు దీనివల్లేనని నమ్మించడానికి ఆస్ట్రేలియా డాక్టర్ బ్యారీ మార్షల్ 1984లో దాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు! 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇది ఉన్న అందరికీ క్యాన్సర్ రాదు. ఉందని తేలితే డాక్టరు రాసిన యాంటీబయాటిక్స్ కోర్సును మధ్యలో ఆపకుండా వాడాలి. పొగతాగడం ముప్పును పెంచుతుంది. ఆవకాయ ప్రియులకు రుచించదు గానీ, మితిమీరిన ఉప్పు కూడా అంతే.

నడివయసు దాటాక కొత్తగా మొదలై వదలని అజీర్తి, కారణం లేకుండా బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, పదేపదే వాంతులు... వీటిలో ఏది కనిపించినా మందుల షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మలం తారులా నల్లగా వస్తుంటే అసలు ఆగకూడదు. (ఐరన్ మాత్రలు వేసుకునేవారికి మామూలుగానే నల్లగా వస్తుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.) మగవాళ్లలో రక్తం తగ్గితే టానిక్‌తో సరిపెట్టకుండా కారణం వెతకాల్సిందే.

గొట్టం మింగాలంటే చాలామందికి భయం. గొంతు మొద్దుబారేలా మందు చల్లి, సన్నని గొట్టంతో లోపల చూస్తారు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అంతా నిమిషాల్లో పని. పరగడుపున వెళ్లినవారు సాధారణంగా ఆ పూటకే ఇంటికి వచ్చేస్తారు. మత్తు ఇస్తే మాత్రం తోడుగా ఒకరు ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు.