టైల్స్ ఎందుకు పైకి లేస్తాయి?

మే నెల మధ్యాహ్నం. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో మా పెద్దమ్మ వాళ్ల ఇంటి హాల్లో ఠప్‌మని పెద్ద శబ్దం. వెళ్లి చూస్తే గది మధ్యలో రెండు టైల్స్ ఒకదాన్నొకటి ఆనుకుని గుడిసె కప్పులా లేచి నిలబడ్డాయి. టైల్స్ నాసిరకమని ఇంట్లోవాళ్లు, ఎండలే కారణమని మేస్త్రీ. కానీ వాటికి చిన్న పెచ్చు కూడా ఊడలేదు. తిప్పి చూస్తే వెనకవైపు సిమెంటు అంటిన జాడ తక్కువ, దుమ్ము ఎక్కువ.

కాంక్రీటు గట్టిపడ్డాక కూడా నెలల తరబడి ఆరుతూ కుంచించుకుంటుంది. ఈ తగ్గుదల మీటరుకు సుమారు అర మిల్లీమీటరు ఉండవచ్చు. బట్టీలో కాలిన టైలు అలా తగ్గదు. పైగా వేడికి, ఏళ్లపాటు పీల్చుకునే తేమకు కాస్త పెరుగుతుంది. కింది నేల తగ్గి, పైపొర తగ్గకపోతే ఆ పొర నలిగిపోతుంది.

రెండు గోడల మధ్య బిగిసిన 5 మీటర్ల టైల్స్ వరుసను ఊహించండి. అది తనకున్న చోటు కంటే 1 మిల్లీమీటరు మాత్రమే పొడవెక్కిందనుకుందాం. పట్టు వదిలి మధ్యలో లేస్తే రెండు సగాలూ లంబకోణ త్రిభుజాల కర్ణాలవుతాయి. పైథాగరస్ సూత్రంలో వేస్తే మధ్యభాగం లేచే ఎత్తు దాదాపు 5 సెంటీమీటర్లు! లెక్క తప్పిందేమోనని నేను రెండుసార్లు చేశాను.

అందుకే అసలు పని టైలు పరచకముందే మొదలవుతుంది. కొత్త కాంక్రీటును కనీసం 7 రోజులు, రాయ్‌పూర్ లాంటి వేడి, పొడి వాతావరణంలో 10 రోజులు తడపాలి. ఆ తర్వాత ఆరనివ్వాలి. ఇంటి పనుల్లో తొందరపడేది సరిగ్గా ఇక్కడే. ఆరిందో లేదో చూడటానికి 45 సెంటీమీటర్ల చదరపు పాలిథీన్ ముక్కను నేలపై పరిచి, అంచులన్నీ టేపుతో మూసి 16 గంటలు వదిలేయండి. లోపల నీటి బిందువులు కనిపిస్తే ఇంకా ఆగాల్సిందే. నేల మీద చుక్క నీరు వేసి చూడటం కూడా మంచిదే. చుక్క ఇంకకుండా ముత్యంలా నిలిస్తే నూనో, పెయింటో అడ్డుపడుతోందని అర్థం. దాన్ని గీకి తీయాలి. పైన తేలిన సిమెంటు పాల పొడిపొరనూ వదలకూడదు. జిగురు పట్టేది ఆ పొరను, అది ఊడితే టైలూ ఊడుతుంది. ఎత్తుపల్లాలుంటే ముందే సరిచేయాలి. టైలు కింద అయిదు ముద్దలు పెట్టి సర్దితే మధ్యలో గాలి ఖాళీలు మిగిలి తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తుంది. విట్రిఫైడ్ టైలు దాదాపు నీరు పీల్చదు కాబట్టి ఉత్త సిమెంటు పాలు చాలవు, పాలిమర్ కలిసిన జిగురు కావాలి.

కింది అంతస్తుకు మరో చిక్కుంది. ఛత్తీస్‌గఢ్ మైదానంలో నేలలను భాటా, మటాసీ, డోర్సా, కన్హార్ అంటారు. వీటిలో కన్హార్ మన నల్లరేగడి లాంటిది. వానకు ఉబ్బి, ఎండకు పగుళ్లిస్తుంది. అలాంటి మట్టిని తగినంత లోతు తీసి, మొరం నింపి దిమ్మిస చేయకపోతే ఎంత మంచి జిగురైనా ఏం చేయగలదు?

గోడ దగ్గర 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది కనుక అందం చెడదు. పెద్దమ్మ వాళ్లింట్లో స్కర్టింగ్ ఊడదీస్తే టైల్స్ గోడకు ఆని, సందంతా సిమెంటుతో నిండి ఉంది. గ్రైండర్‌తో గోడ పొడవునా గాడి కోయించి, నాణెంతో తట్టి డొల్లగా మోగిన టైల్స్ మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాం. పదకొండు తేలాయి.